పదమూడో పాటలో గాజుల చప్పుడు

ఆ క్యాసెట్‌లో పన్నెండు పాటలు. ఒక పక్క ఆరు, రెండో పక్క ఆరు. అన్నీ కలిపి నలభై ఏడు నిమిషాల ఇరవై సెకన్లు. అట్ట మీద చూసి చెప్పే లెక్క కాదు ఇది, దానికి అసలు అట్టే లేదు. డోర్నకల్‌లో మా మేనమామ చేతిగడియారం ముందు పెట్టుకుని, ఒక్కో పాటా నేనే కొలిచాను.

మేనమామ రైల్వేలో గార్డు. మా ఊరు దేవరుప్పుల దగ్గర. అక్కడ అప్పట్లో ఏడో తరగతి దాకానే బడి ఉండేది కాబట్టి నన్ను తన క్వార్టర్‌లో పెట్టుకుని చదివించాడు. ఒకరోజు ప్యాసింజర్ బండి ఖాళీ అయ్యాక సీటు కింద దొరికిందని ఆ క్యాసెట్ తెచ్చాడు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని నెల రోజులు అల్మారాలో ఉంచాడు. ఎవరూ రాలేదు.

"ఇంగ్లీషోళ్ల పాటలు. నాకేం సమజ్ కాలే. నువ్వు సదువుకుంటున్నవు గద, విను," అని నా చేతిలో పెట్టాడు.

నాకూ ఏమీ అర్థం కాలేదు. స్టిక్కర్ మీద బృందం పేరు, దాని కింద సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం. అందులో నేను చదవగలిగిన మాట 'రేర్' ఒక్కటే. బడిలో నిఘంటువు తిరగేస్తే 'అరుదైన' అని ఉంది. అరుదైన వజ్రం, అరుదైన గౌరవం అంటాం కదా. అరుదైనదంటే నా లెక్కలో విలువైనది. కాబట్టి ఆ బృందం పాడిన వందల పాటల్లోంచి ఏరి కూర్చిన మేలిమి పాటలు ఈ పన్నెండేనని తీర్మానించుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ తీర్మానం మారలేదు.

మాటలు తెలియవు కాబట్టి పాటలకు నేనే పేర్లు పెట్టుకున్నాను. మొదటిది గూడ్సు పాట, రెండోది ఏడుపు పాట, మూడోది గాజుల పాట. ఆ మూడో పాటలో రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర డ్రమ్ముల వెనక నుంచి ఎవరో గాజుల చేయి కదిపినట్టు సన్నగా ఒక చప్పుడు మొదలవుతుంది. పద్నాలుగు సార్లు. చాలా ఏళ్ళ తర్వాత అది మూడు కోణాల చిన్న ఇనుప కడ్డీని కొడితే వచ్చే శబ్దమని తెలిసింది. పేరు మాత్రం మార్చలేదు.

ఇంటర్ తప్పాను. చదువు ఆగిపోయింది కానీ లెక్కలు ఆగలేదు. మేనమామ రైళ్ళ పట్టికలు చూసి వేగాలు కట్టడం, ఎవరైనా బావి తవ్విస్తుంటే ఎన్ని బండ్ల మట్టి వస్తుందో చెప్పడం, ఇవన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. తర్వాత భూపాలపల్లి బొగ్గు గనిలో పని దొరికింది. ఇక్కడ గనిని గని అనరు, బాయి అంటారు. నేను కూలీగా దిగి, పరీక్ష రాసి సర్దార్‌నయ్యాను.

సర్దార్ పని ఏమిటో చెప్పాలి, లేకపోతే నేనెందుకు భయపడ్డానో అర్థం కాదు. బొగ్గు పేల్చాక పొగ పోయే దాకా ఆగి, మొదట లోపలికి వెళ్ళేది సర్దారే. చేతిలో ఇనుప పొన్ను వేసిన పొడుగాటి కర్ర ఉంటుంది. దానితో నెత్తి మీది బండను కొట్టి వినాలి. గట్టి బండ ఖంగుమంటుంది. పైన పొర విడిపోయి గాలి చేరిన బండ డొల్లగా, మందంగా పలుకుతుంది. చెయ్యి అందేంత ఎత్తులో అయితే రెండో చేతి వేళ్ళు బండకు ఆనించి అదురు కూడా చూస్తాం. నేను బాగుందంటే నా జట్టులోని పదకొండు మంది దాని కిందికి వస్తారు. బాగా లేదంటే ఎవరూ రారు. యంత్రాలు వచ్చాయి, కొలతలు వచ్చాయి, అయినా షిఫ్టు మొదట్లో కర్రా చెవీ తప్పలేదు.

పోయిన ఏడాది సెలవు మీద జనగామ వెళ్తుంటే బస్సులో మా అండర్ మేనేజర్ పక్క సీటులో కూర్చున్నాడు. నాకంటే చాలా చిన్నవాడు, కోస్తా వైపు మనిషి. మాటల్లో నా క్యాసెట్ సంగతి వచ్చింది. బృందం పేరు చెప్పగానే ఆయన కళ్ళు మెరిశాయి. వాళ్ళ పాటలు వరసగా ఐదారు చెప్పి ఇవి విన్నారా అని అడిగాడు. నేను ఒక్కటీ వినలేదు. నా పాటలు రెండు హమ్ చేసి వినిపించాను. ఆయన ఫోన్‌లో వెతికి వెతికి నవ్వాడు.

"ఇవి ఎక్కడ పట్టారండీ? ఎక్కడా పేరు రాక పక్కన పడిపోయిన పాటలన్నీ ఏరి వేసిన ఆల్బమ్ ఇది. వాళ్ళ అభిమానులకే తెలియవు!"

"మేలిమి పాటలు కావా సార్?"

"మిగిలిపోయిన పాటలండీ," అన్నాడు. నా ముఖం చూసి వెంటనే, "బాగున్నాయి, బాగున్నాయి," అని కలిపాడు.

అప్పుడు భయం వేయలేదు. సిగ్గుతో పాటు నవ్వు కూడా వచ్చింది. మూడు దశాబ్దాలు ఒక బృందాన్ని ప్రేమించి, లోకమంతటికీ తెలిసిన వాళ్ళ పాట ఒక్కటీ వినని మనిషిని నేనొక్కడినేనేమో. ఆయన ఆ ఆల్బమ్‌ను నా ఫోన్‌లో పెట్టి ఇచ్చాడు. శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేశారట. చివర రెండు పాటలు అదనంగా చేర్చారు. మొత్తం పద్నాలుగు.

అదనపు పాటల జోలికి నేను చాలా నెలలు పోలేదు. పన్నెండుతో నా లెక్క పూర్తయింది. సెలవు రోజుల్లో చెవిలో పెట్టుకుని వినేవాణ్ణి, మూడో పాటలో గాజులు పద్నాలుగు లెక్కపెట్టేవాణ్ణి. ఎప్పుడూ సరిపోయేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా భార్య గుమ్మం దగ్గర కూర్చుని పుంటికూర తెంపుతోంది. నేను చెవిలో తీగ లేకుండా ఫోన్ బయటికే పెట్టి వింటూ కునుకు తీశాను. పన్నెండు పాటలు అయిపోయి పదమూడోది దానంతటదే మొదలైంది. నాకు మెలకువ వచ్చింది. కొత్త పాట, నిదానమైన పాట. వింటున్నాను.

"గీ పాటల కూడ గాజుల చప్పుడు పెట్టిండ్రేంది?" అంది ఆమె.

"ఏడ?"

"ఏడంటవేంది? గదో. మల్ల. మల్ల. గదో."

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. డ్రమ్ములు వినిపిస్తున్నాయి, గొంతు వినిపిస్తోంది, లావు తీగల గిటారు వినిపిస్తోంది. గాజులు లేవు.

"పరాచికాలా?"

"నాకేం పని లేదా నీతోని పరాచికాలాడ?"

పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. చప్పుడు వచ్చినప్పుడల్లా వేలెత్తమన్నాను. పుంటికూర కాడ చేతిలో పట్టుకుని ఆమె తొమ్మిదిసార్లు ఎత్తింది. మళ్ళీ పెట్టాను. అవే చోట్ల, అవే తొమ్మిది. నాకు ఒక్కటి కూడా లేదు.

"నీకు వినబడ్తలేదా?" అంది. ఆమె గొంతు మారింది. "ఏడాది సంది మొత్తుకుంట. ఫ్రిజ్ తలుపు ఎయ్యకుండ పోతవు, అది కూస్తనే ఉంటది, నువ్వు పక్కనే కూసోని పేపర్ సదువుతవు. మొండికి చేస్తున్నవనుకున్న."

ఫ్రిజ్ కూస్తుందని నేను ఏనాడూ నమ్మలేదు. లేచి వెళ్ళి తలుపు తెరిచి నిలబడ్డాను. "ఇప్పుడు కూస్తున్నదా?" "కూస్తున్నది." చల్లగాలి కాళ్ళకు తగులుతోంది. ఇంకే శబ్దమూ లేదు.

లెక్క అక్కడితో ఆగి ఉంటే భయం కొంత తక్కువగా ఉండేది. వయసు నలభై తొమ్మిది, గనిలో ఇరవై ఆరేళ్ళు, చెవులు తగ్గాయి అనుకునేవాణ్ణి. కానీ నా బుర్ర ఒక లెక్కను సగంలో వదలదు. పదమూడో పాటలో తొమ్మిదికి తొమ్మిదీ వినబడలేదు. మరి మూడో పాటలో పద్నాలుగుకు పద్నాలుగూ ఎట్లా వినబడుతున్నాయి? రెంటిలోనూ అదే చప్పుడు, ఫోన్ అదే, చెవులు అవే. తేడా ఒక్కటే. మూడో పాట నాకు తెలుసు. పదమూడో పాట తెలియదు.

అంటే మూడో పాటలో నేను విన్నది పాటను కాదు. ఎక్కడ ఏ చప్పుడు రావాలో నాకు తెలుసు కాబట్టి నా తలకాయే దాన్ని అక్కడ పెడుతోంది. ఎన్నాళ్ళ నుంచి పెడుతోందో తెలియదు. నాకు మాత్రం లెక్క ప్రతిసారీ సరిపోతోంది.

అప్పుడు బాయి గుర్తొచ్చింది. నేను కర్రతో కొట్టే బండ గుర్తొచ్చింది. ఖంగుమన్నదని నేను అనుకున్నప్పుడు ఖంగుమన్నది ఎవరు?

ఆ పూట అన్నం సగంలో వదిలేశాను.

సోమవారం మొదటి షిఫ్టు. దిగుతూ ఒక ఉపాయం ఆలోచించుకున్నాను. నా జట్టులో పైకప్పుకు పోటుగా దిమ్మెలు నిలిపే సపోర్టు పని చేసే ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నేను బండ కొట్టేటప్పుడు నా వెనకే ఉంటాడు. మహబూబాబాద్ దగ్గర తండా ఆయనది. ఇంట్లో వాళ్ళ భాష, బాయిలో మా భాష. ఆయన నన్ను పనిలో సర్దార్ అని, మామూలుగా తమ్మీ అని పిలుస్తాడు. నేను అన్నా అంటాను.

"అన్నా, పందెం ఏస్తవా?" అన్నాను. "నేను కొట్టిన కాడ సుద్దతోని గీత పెడ్త. గట్టిదో డొల్లదో బుక్కుల రాసుకుంట. తర్వాత నువ్వు అవే కొట్టి చెప్పు. ఎవరి చెవి పెద్దదో చూద్దాం."

"పొద్దుగాల్నే ఏం రోగం తమ్మీ నీకు?" అన్నాడు, కానీ కర్ర అందుకున్నాడు.

మొదట రోజూ నడిచే పాత దారిలో పది చోట్లు. పదికి పది కలిశాయి. నా గుండె కుదుటపడలేదు. పాత దారి నాకు మూడో పాట లాంటిది, ఎక్కడ ఏముందో అంతా తెలుసు. తర్వాత ఆ రోజే కొత్తగా పేల్చిన చోటికి వెళ్ళాం. మిగతా పది మందినీ వెనకే నిలబెట్టాను. చివరి దిమ్మె పక్కన నిలబడి కర్ర ముందుకు చాచి పది చోట్ల కొట్టాను. వేళ్ళు ఆనించే వీలు లేదు, చెవి ఒక్కటే. ఒక్కో దెబ్బకూ ఊపిరి బిగబట్టి విన్నాను. ఎనిమిది గట్టివి, రెండు డొల్లవి అని రాసుకున్నాను.

అన్న కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, గట్టి. రెండు, గట్టి. మూడు, డొల్ల. నా బుక్కులో మూడోది గట్టి. నాలుగూ ఐదూ కలిశాయి. ఆరు డొల్ల అన్నాడు, నాది గట్టి. ఏడూ ఎనిమిదీ కలిశాయి. తొమ్మిదో గీత దగ్గర ఒకసారి కొట్టి ఆగాడు. ఇంకోసారి కొట్టాడు. తర్వాత తన ఇంటి భాషలో ఒక కేక వేశాడు. ఆ భాష మాలో ఎవరికీ రాదు, కానీ అందరం వెనక్కి దూకాం.

ఆ తర్వాత ఆయనా ఇంకొకాయనా దిమ్మెల చాటున నిలబడి పొడుగు గడ్డపారలతో ఆ బండ అంచును పొడిచారు. నాలుగో పోటుకు అది కిందికి వచ్చింది. దుమ్ము తగ్గాక టేపుతో కొలిచాను. పొడవు ఐదడుగులు, వెడల్పు మూడు, మందం ఎనిమిది అంగుళాలు. దాదాపు ఏడు క్వింటాళ్ళ బరువు. నా బుక్కులో తొమ్మిదో నంబర్ ఎదురుగా 'గట్టి' అని ఉంది.

జట్టు వాళ్ళు నవ్వుతున్నారు, ఒకడు అన్న వీపు చరుస్తున్నాడు. "పందెం అన్నదే! సర్దార్ చాయ్ తాపియ్యాలె!" అంటున్నాడు ఇంకొకడు. నేను బండ మీద కూర్చుండిపోయాను. అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. టోపీ మీది దీపం నా కళ్ళలో పడకుండా ముఖం పక్కకు తిప్పి, తగ్గు గొంతుతో మాట్లాడాడు.

"చెవులు ఎప్పటి సంది తమ్మీ?"

"ఎట్ల తెల్సె నీకు?"

"రెండు నెలల సంది నువ్వు రూఫ్ కొట్టినప్పుడల్ల నా మొకం దిక్కు చూస్తున్నవు. నా మొకం మీద రాసుంటదా?"

నేను ఆయన ముఖం చూస్తున్నానని నాకు తెలియదు. నిజంగా తెలియదు. దెబ్బ కొట్టి, ఆయన కనుబొమ్మలు చూసి, గట్టి అని చెబుతున్నాను కాబోలు.

"మరి ఎందుకు చెప్పలే అన్నా?"

"చెప్తే నిన్ను పైకి పంపుతరు. కొత్తోడు వస్తడు. వాడెసొంటోడో ఎవరికెర్క? నువ్వు దిమ్మెల లెక్క తప్పవు, పొగ పోకముందు ఎవల్ని పోనియ్యవు. అందుకే నువ్వు కొట్టిపోయినంక ఎన్కనుంచి నేనోసారి కొడ్తున్న. నడుస్తున్నది గద, నడవనీ."

ఆ మాటకు నాకు కన్నీళ్ళు రావాలి. వచ్చే ఘడియలోనే లెక్క అడ్డం వచ్చింది. రెండు నెలలు. ఈ రెండు నెలల్లో అన్న ఎన్ని నాగాలు పెట్టాడు? హాజరు రాసే మస్టర్ ముందు లేకపోయినా నాకు గుర్తే. జ్వరానికి రెండు రోజులు, చెల్లె బిడ్డ పెళ్ళికి నాలుగు, తండాలో ఎవరో పోతే ఒకటి. ఏడు రోజులు. ఆయన నాగా పెట్టిన రోజున ఆయన బదులు ఇంకొకరు వచ్చి జట్టు పదకొండు నిండేది. ఏడు పదకొండ్లు డెబ్బై ఏడు.

డెబ్బై ఏడు సార్లు ఒక మనిషి, ఎవరూ వినని బండ కింద ఒక పూటంతా పని చేశాడు. నేను బాగుందని చెప్పాను కాబట్టి. ఏమీ కాలేదు. అదంతా అదృష్టమే, అదృష్టానికి లెక్క కట్టడం నాకు రాదు.

"నడవదన్నా," అన్నాను.

"సోంచాయించు. ఇంకా పదకొండేండ్లున్నది నీకు."

"రేపు నీకు జొరమొస్తే?"

"గోలీ ఏసుకుని వస్త," అన్నాడు. ఇద్దరం నవ్వబోయాం, ఇద్దరికీ రాలేదు.

ఆ షిఫ్టు నడిపించమని నాపై ఉండే ఓవర్‌మన్‌ను పిలిపించి, కర్ర ఆయన చేతికిచ్చి పైకి వచ్చాను. అండర్ మేనేజర్ గదిలో ఇంకెవరూ లేరు. నా బుక్కు ఆయన ముందు తెరిచి పెట్టి, తొమ్మిదో నంబర్ మీద వేలుంచి అంతా చెప్పాను. పదమూడో పాట దగ్గర మొదలుపెట్టాను కాబట్టి ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచాడు.

"ఈ సంగతి ఎవరూ చెప్పుకోరండీ," అన్నాడు. "మీ వైద్యపరీక్షకు ఇంకా టైముంది కదా."

"నాకున్నది సార్. వాళ్లకు లేదు."

మర్నాడు నా భార్యతో కలిసి దవాఖానకు వెళ్ళాను. దళసరి గోడల చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు పెద్ద డబ్బాలు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినబడితే నొక్కాలి. అద్దం అవతల పరీక్ష చేసే ఆవిడ కూర్చుంది. మొదట లావు గొంతు లాంటి చప్పుళ్ళు వచ్చాయి. నొక్కాను. రెండో చప్పుడుకూ మూడో చప్పుడుకూ మధ్య ఎన్ని సెకన్లో నేను అడగకుండానే నా తల లెక్కపెట్టేసింది. నాలుగోది ఎప్పుడు రావాలో నాకు తెలిసిపోయింది. బొటనవేలు దానంతటదే కదిలింది.

నా జన్మలో అంతగా ఎప్పుడూ భయపడలేదు. ఏడు క్వింటాళ్ళ బండ ముందు కూడా పడలేదు. ఆ వేలు నన్ను గట్టెక్కించగలదు. లెక్కతో నొక్కుకుంటూ పోతే సగానికి సగం సరిపోవచ్చు, మళ్ళీ కర్ర నా చేతికి రావచ్చు. నేను తలుపు కొట్టి ఆవిడను పిలిచాను.

"అమ్మా, సమానంగ ఇయ్యకుండ్రి. ఎడాపెడా ఇయ్యుండ్రి. లేకుంటే నేను లెక్కపెడ్త."

ఆవిడ వింతగా చూసి తల ఊపింది. మళ్ళీ తలుపు వేశారు. మీట మీది నుంచి వేలు తీసి, ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. వినబడిన వాటికే నొక్కాను. చప్పుళ్ళు సన్నబడుతూ పోయాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఎప్పుడు మొదలుపెడతారా అని ఎదురుచూశాను. అద్దం అవతల ఆవిడ పెదాలు కదిలాయి. చివరికి తానే వచ్చి తలుపు తెరిచింది.

"సన్న చప్పుళ్లు ఇంక మొదలు పెట్టలేదా అమ్మా?" అన్నాను.

"అయిపోయినయి అన్నా," అంది.

కాగితం మీద రెండు గీతలు గీసి ఇచ్చారు. రెండూ ఒక చోటి దాకా తిన్నగా వచ్చి, అక్కడి నుంచి బండ విరిగినట్టు కిందికి దిగాయి. ఇక బాయిలోకి దిగే పని లేదని, పైన ఏదో ఒక పని చూస్తారని చెప్పారు.

బయటికొచ్చి గోడ గడియారం చూశాను. పన్నెండున్నర. పదకొండు మందీ లోపల ఉన్నారు. ఆ పొద్దున వాళ్ళ నెత్తి మీది బండను కొట్టింది వేరే బాయి నుంచి వచ్చిన సర్దార్. ఆయన్ని నేను చూడలేదు. ఆయన చెవుల సంగతి నాకు తెలియదు. షిఫ్టు ముగిసేదాకా దవాఖాన బెంచీ మీద నుంచి లేవలేకపోయాను. నా భార్య రెండుసార్లు పోదాం పద అంది, తర్వాత అనడం మానేసింది.

మూడున్నరకు అన్నకు ఫోన్ చేశాను. ఎత్తాడు. చుట్టూ గోలలో ఏదో చెప్పాడు. నాకు గొంతు తెలిసింది కానీ మాట తెలియలేదు. "ఎంతమంది వచ్చిండ్రన్నా? ఎంతమంది?" అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఆయన చెప్పాడు. పదకొండు అన్నాడనే అనిపించింది. కానీ అది నేను వినాలనుకున్న అంకె. అందుకే నమ్మలేదు.

ఫోన్ నా భార్యకు ఇచ్చాను. ఆమె చెవికి ఆనించుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని, ఒక్కో మాటకూ తలూపుతూ విన్నది.

"పదకొండు మంది వచ్చిండ్రట," అంది. "తానం చేస్తున్నరట."